శిబి త్రాసులో టైటానియం కేసు

ఆంధ్రప్రదేశ్ తీరంలోని ఇసుక కోసం ఇక్కడి అధికారులకు లంచాలు ఎర వేశారన్నది ఆరోపణ. కేసు పెట్టింది షికాగోలో. మొదటి నిందితుడు ఉక్రెయిన్ గ్యాస్ వ్యాపారి ద్మిత్రో ఫిర్తాష్. పట్టుబడింది వియన్నాలో. 2015 ఏప్రిల్ 30న వియన్నా జడ్జి క్రిస్టోఫ్ బావర్ ఆయన్ని అమెరికాకు అప్పగించడం కుదరదని చెప్పారు. లంచం ఇచ్చారా లేదా అన్నది ఆ తీర్పు తేల్చలేదు. అమెరికా అడుగుతున్న తీరులో రాజకీయం ఉంది కాబట్టి ఇవ్వం అన్నది దాని సారం. మన ఊళ్లలో ఏ నాయకుణ్ణి అరెస్టు చేసినా ఆ సాయంత్రమే వినిపించే మాట ‘ఇదంతా కక్షసాధింపు’. అదే మాట ఇక్కడ ఐరోపా కోర్టు నోట, తగిన హేతువులతో వచ్చింది. అడిగేవాడి మనసులో కల్మషం ఉంటే అడిగిన విషయం చెల్లకుండా పోతుందా? చట్టాలు పుట్టకముందే పుట్టిన ప్రశ్న ఇది. దీన్ని చట్టానికి మాత్రమే వదిలేస్తే సగం జవాబే దొరుకుతుంది.

ముందు కేసు సంగతి. భీమునిపట్నం నుంచి శ్రీకాకుళం జిల్లా దాకా తీరం వెంట అక్కడక్కడ ఇసుక నల్లగా మెరుస్తుంది. ఆ నలుపులో ఇల్మనైట్ ఉంటుంది, ఇల్మనైట్‌లోంచి టైటానియం వస్తుంది, టైటానియం లేనిదే ఆధునిక విమానం లేదు. అమెరికా అభియోగపత్రం ప్రకారం 2006 నుంచి ఫిర్తాష్ బృందం ఈ తీరంలో గనుల అనుమతుల కోసం కనీసం 1.85 కోట్ల డాలర్ల లంచాలకు పథకం వేసింది. ప్రాజెక్టు నడిస్తే ఏటా 50 కోట్ల డాలర్లకు పైగా రాబడి. ఆ టైటానియం అప్పట్లో షికాగో కేంద్రంగా ఉన్న ఒక కంపెనీకి అమ్మాలన్నది ఆలోచన. ఆ కంపెనీ బోయింగ్ అని తర్వాత లోకానికి తెలిసింది. దాని మీద మాత్రం అభియోగం లేదు. 2013 జూన్‌లో రహస్యంగా దాఖలైన ఈ పత్రాన్ని 2014 ఏప్రిల్ 2న బయటపెట్టారు. అందులో ఆరుగురు నిందితులు. ఒకరు అప్పటి రాజ్యసభ సభ్యుడు, ముఖ్యమంత్రిగా వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉన్నప్పుడు ప్రభుత్వ సలహాదారుగా పనిచేసిన కె.వి.పి. రామచంద్రరావు. ఆరోపణలు నిజం కాదని ఆయనా అన్నారు, ఫిర్తాషూ అన్నారు. ఇద్దరిలో ఎవరినీ ఏ కోర్టూ దోషిగా తేల్చలేదు. ఈ వ్యాసంలో మిగతాదంతా ఆ మాట గుర్తుపెట్టుకునే చదవాలి.

బావర్ అంత మాట ఎందుకన్నారో చూడాలి. ఆయన ముందుకు వచ్చిన తేదీల వరస ఇది. అమెరికా మొదటిసారి అరెస్టు కోరింది 2013 అక్టోబరు చివర్లో. ఉక్రెయిన్ అధ్యక్షుడు యానుకోవిచ్ ఐరోపా సమాఖ్యతో ఒప్పందం మీద సంతకం పెడతాడా లేదా అని అందరూ ఎదురుచూస్తున్న రోజులవి. అమెరికా విదేశాంగశాఖ ఉన్నతాధికారి విక్టోరియా న్యూలండ్ కీవ్ వెళ్లిన ఆ రోజుల్లోనే, నవంబరు మొదట్లో, అభ్యర్థన వెనక్కి వెళ్లిపోయింది. యానుకోవిచ్ సంతకం పెట్టలేదు. కీవ్‌లోని మైదాన్ కూడలిలో తిరుగుబాటు వచ్చింది. 2014 ఫిబ్రవరిలో ఆయన దేశం వదిలి పారిపోయిన నాలుగైదు రోజులకే అరెస్టు అభ్యర్థన మళ్లీ వచ్చింది. మార్చి 12న ఫిర్తాష్‌ను పట్టుకున్నారు. ఆంధ్ర ఇసుకకు సంబంధించిన సాక్ష్యం ఈ నాలుగు నెలల్లో పెరిగిన దాఖలా కనిపించదు, తరిగిన దాఖలా కనిపించదు. మారింది కీవ్‌లో గాలి. ఇదొకటి. రెండోది, ఇద్దరు సాక్షుల మాటల మీద కేసులో చాలా భాగం నిలబడి ఉంది. వాళ్ల గురించి ఆస్ట్రియా అడిగిన ప్రశ్నలకు అమెరికా నుంచి సరైన జవాబు రాలేదు. అసలు ఆ సాక్షులు ఉన్నారా అన్నదే తనకు సందేహమని బావర్ అన్నారు. నా దృష్టిలో ఈ రెండు కారణాలూ ఒక జాతివి కావు. వాటిని విడదీస్తేనే మన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

గౌతముడి న్యాయసూత్రాలు తెలుసుకోవడానికి నాలుగు దారులు చెప్పాయి: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. మనకు ఇక్కడ పనికొచ్చేవి రెండోదీ నాలుగోదీ. కొండ మీద పొగ చూసి నిప్పుందని తేల్చుకోవడం అనుమానం. ఆ పొగను మనకు వేలెత్తి చూపించినవాడు మిత్రుడా శత్రువా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. కొండంటే గిట్టనివాడు చూపించినా పొగ పొగే. చూసుకోవాల్సింది అది పొగా, పొగమంచా అని మాత్రమే. శబ్దం సంగతి అలా కాదు. ఒకరి మాటను నమ్మి తెలుసుకునేది శబ్దం కాబట్టి, చెప్పేవాడెవడన్నది అక్కడ అసలు ప్రశ్న అయి కూర్చుంటుంది. విషయం తనకు నేరుగా తెలిసి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న కోరిక ఉన్నవాడే ఆప్తుడు. ఆ కోరిక లేకపోతే వాడి మాట ప్రమాణం కాదు. భాష్యం రాసిన వాత్స్యాయనుడు దీనికి ఇంకొక మాట చేర్చాడు. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ ఒకటేనట. పరాయివాడు కాబట్టి నమ్మొద్దనడం కుదరదు, మనవాడు కాబట్టి నమ్మేయడమూ కుదరదు. పదిహేను పదహారు వందల ఏళ్ల నాడు ఒక తార్కికుడు రాసిన ఈ మాట ఇవాళ్టి అప్పగింత కోర్టుల్లో గోడ మీద రాసిపెట్టుకోదగ్గది.

దీన్నిబట్టి నా వాదన ఇది. అడిగే దేశం ఉద్దేశం అన్నిచోట్లా ఒకే బరువుతో పనిచేయదు. కేసు ఆ దేశం మాట మీద, ఆ దేశం చేతిలో ఉన్న సాక్షుల మాట మీద ఎంత నిలబడితే ఉద్దేశానికి అంత బరువు. జాడల మీద నిలబడిన భాగాన్ని ఆ బరువు తాకదు. టైటానియం అభియోగపత్రంలో 2006 ఏప్రిల్ 28 నుంచి 2010 జులై 13 దాకా ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు కదిలిన డబ్బు గురించి 57 పద్దులున్నాయి, మొత్తం కోటీ 5 లక్షల డాలర్ల పైచిలుకు. బ్యాంకు పద్దు ఎవరు చూపించినా పద్దే. అది లంచమా, సక్రమమైన వ్యాపారపు చెల్లింపా అన్నది వేరే ప్రశ్న, విచారణలో తేలాల్సిన ప్రశ్న. న్యూలండ్ ఎప్పుడు కీవ్ వెళ్లిందన్న దాన్ని బట్టి అది తేలదు. కానీ ఆ ఇద్దరు సాక్షులు ఎవరు, వాళ్లకు కేసు గురించి ఎలా తెలుసు, వాళ్లకు ఏ హామీలు ఇచ్చారు అన్నచోట మాత్రం అడిగేవాడి మనసును తరచి చూడాల్సిందే. బావర్ రెండో కారణం అక్కడ నిలబడుతుంది. మొదటి కారణం, అంటే తేదీల వరస, రెండోదాన్ని ఇంకా లోతుగా చూడమని హెచ్చరిస్తుంది తప్ప దానంతట అదే కేసును కొట్టేయలేదు.

ఇదే తూకం మనకూ తప్పలేదు. 1997 ఆగస్టు 12న ముంబయిలో సినీ సంగీత వ్యాపారి గుల్షన్ కుమార్ హత్య జరిగాక సంగీత దర్శకుడు నదీమ్‌ను అప్పగించమని భారత్ బ్రిటన్‌ను అడిగింది. 2000 డిసెంబరులో లండన్ హైకోర్టు కుదరదంది. ఆ ఆరోపణ సద్బుద్ధితో, న్యాయప్రయోజనం కోసం చేసింది కాదని తేల్చింది. ఆ కోర్టు ఢిల్లీలో ఎవరి ప్రభుత్వం ఉందని లెక్కలు వేసుకోలేదు. కేసుకు ఆధారమైన ఒప్పుకోలు సాక్షి మాటను పట్టుకుంది. ఆ మాట అతని నోట ఎలా వచ్చిందో చూసింది. ఆ సాక్షి ఆప్తుడు కాడని తేలాక అడిగిన దేశం కూడా ఆ మేరకు ఆప్తత పోగొట్టుకుంది. మనకు ఆనాడు కోపం వచ్చింది, వలసపాలకుల అహంకారం అన్నవాళ్లూ ఉన్నారు. కానీ కొలత సరైనదే. వియన్నాలో అమెరికాకు పట్టిన కొలతను లండన్‌లో మనకు పట్టకూడదంటే వాత్స్యాయనుడు ఒప్పుకోడు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. పద్దులు నిజమే కావచ్చు, లంచమూ నిజమే కావచ్చు. అయినా వందమంది లంచం ఇచ్చినచోట రాజకీయంగా పనికొచ్చే ఒక్కణ్ణి ఎంచి పట్టుకోవడం అన్యాయం కాదా? అన్యాయమే. అయితే ఎవరికి జరిగిన అన్యాయం? దొరక్కుండా పోయిన తొంభైతొమ్మిది మంది వల్ల నష్టపోయినవాళ్లకు జరిగింది ముందు. పట్టుబడినవాడు నిజంగా తప్పు చేసి ఉంటే, పక్కవాణ్ణి వదిలేశారన్న కారణంతో అతని తప్పు రద్దవదు. అంతవరకు నేను గట్టిగానే నిలబడతాను. ఒక మెట్టు మాత్రం దిగుతాను. అభ్యర్థనను బేరానికి పెట్టి, బేరం కుదిరితే వెనక్కి తీసుకుని, చెడితే మళ్లీ పంపితే అక్కడ ఎంచుకోవడం మాత్రమే కాదు, అమ్ముకోవడం జరిగింది. అలాంటిచోట అడిగే దేశం ఆ మనిషికి నిష్పాక్షికమైన విచారణ ఇస్తుందని మనల్ని నమ్మమనే హక్కు కోల్పోతుంది. గతం గురించిన ఆరోపణ అబద్ధమని దాని అర్థం కాదు. రేపటి విచారణ గురించి ఆ దేశం ఇచ్చే మాటకు విలువ తగ్గిందని అర్థం.

రాజకీయం ఒకవైపే ఉంటుందనుకోవడమూ పొరపాటే. ఫిర్తాష్‌ను బెయిలు మీద వదలడానికి ఆస్ట్రియా కోర్టు అడిగింది 12.5 కోట్ల యూరోలు. ఆ దేశంలో అంతకు ముందు అంత జామీను లేదు, అయినా ఆ డబ్బు వచ్చింది. 2017 ఫిబ్రవరి 21న వియన్నా పైకోర్టు బావర్ తీర్పును తిరగదోసి అప్పగించవచ్చంది. తప్పు చేశాడా లేదా అన్నది తాము తేల్చడం లేదని కూడా చెప్పింది. 2019 జూన్ 21న షికాగోలో జడ్జి రెబెకా పాల్మేయర్ కేసు కొట్టేయమన్న అర్జీని తోసిపుచ్చారు. నాలుగు రోజులకు ఆస్ట్రియా సుప్రీంకోర్టు అప్పగింతను ఖాయం చేసింది, జులైలో న్యాయశాఖ మంత్రి సంతకం పెట్టారు. అప్పటికీ ఫిర్తాష్ విమానం ఎక్కలేదు. కొత్త పత్రాలతో మళ్లీ అర్జీ, మళ్లీ నిలుపుదల. ఆ నెలలోనే ఆయన పాత న్యాయవాదిని, క్లింటన్ వర్గానికి దగ్గరవాడైన లానీ డేవిస్‌ను మార్చి, ట్రంప్‌కు దగ్గరివాళ్లయిన ఇద్దరు న్యాయవాదుల్ని పెట్టుకున్నారు. ఉక్రెయిన్ మాజీ ప్రాసిక్యూటర్ షోకిన్ బైడెన్ మీద ఆరోపణలు చేస్తూ ఇచ్చిన ప్రమాణపత్రం ఈ కేసు కోసం తయారైనదే. అంటే రాజకీయ ఉద్దేశానికి బలయ్యానని మొరపెట్టుకున్నవాడి తరఫునే రాజకీయ సరుకు కోర్టుకు చేరింది. దారిద్ర్యంలో ఉన్న నిందితుడికి ఈ దారి లేదు. కక్షసాధింపు అన్న వాదన నిలబడాలంటే మంచి న్యాయవాదులు కావాలి, ఏళ్ల తరబడి ఆగే ఓపిక కావాలి, రెండూ డబ్బుతో పని. ఉద్దేశం ఒక్కటే కొలత అయితే న్యాయం సంపన్నుల సొత్తవుతుందన్నది నా భయం.

ఇంకో అభ్యంతరం న్యాయవాదులది. పరాయి ప్రభుత్వం మనసులో ఏముందో కోర్టు ఎలా చూస్తుంది, అది మంత్రులు తేల్చాల్సింది కదా అంటారు. మనసు చూడలేకపోవచ్చు, షరతులు పెట్టగలదు. కర్నూలు చిరునామాతో దొంగ పాస్‌పోర్టు తీసుకున్న అబూ సలేం సంగతే చూడండి. పోర్చుగల్ అతన్ని 2005లో మనకు అప్పగించింది, కానీ ఉరి ఉండదు, 25 ఏళ్లకు మించి జైలు ఉండదు అన్న హామీ రాయించుకుంది. 1993 ముంబయి పేలుళ్లలో 257 మంది పోయారు. ఆ కేసులో యావజ్జీవం పడ్డవాడికి ఈ హామీ ఏమిటని ఇక్కడ చాలామందికి మంట. అయినా 2022 జులై 11న సుప్రీంకోర్టు ఆ మాటకు దేశం కట్టుబడాల్సిందేనని చెప్పింది. అడిగేవాడి మీద అపనమ్మకం ఉంటే దాన్ని రాతలో పెట్టి, గడువు పెట్టి, విచారణ జరగనివ్వడానికి ఇది దారి. అపనమ్మకం ఉంది కాబట్టి విచారణే వద్దనడం కన్నా ఇది న్యాయానికి దగ్గర.

ఇక శిబి చక్రవర్తి కథ. అది శరణాగత రక్షణ కథ అని చిన్నప్పటి నుంచీ చెప్పుకుంటాం. నాకు మాత్రం అది మన సాహిత్యంలో మొట్టమొదటి అప్పగింత కేసులా కనిపిస్తుంది. పావురం ఒళ్లో వచ్చి పడింది. వెనకే డేగ వచ్చి నాది నాకివ్వమంది. ఆ డేగ వాదన తేలికైనది కాదు. ఇది నాకు విధి ఇచ్చిన ఆహారం, ఒకరి ధర్మాన్ని చెరిపే ధర్మం ధర్మమెలా అవుతుందని అడిగింది. శిబి దాన్ని వెళ్లగొట్టలేదు. నీకు ఆకలి నిజంగా ఉందా, నువ్వెవరు పంపితే వచ్చావు అని ఆరా తీయలేదు. నిజానికి తీసి ఉంటే దొరికేది కూడా. ఆ డేగ ఇంద్రుడు, వచ్చింది ఆకలితో కాదు, పరీక్షించడానికి. అంతకన్నా దాపరికమైన ఉద్దేశం ఏముంటుంది? అయినా రాజు వాదనకు వాదనగా విలువిచ్చాడు. పావురాన్ని ఇవ్వనన్నాడు, డేగకు రావలసింది మాత్రం ఎగ్గొట్టలేదు. త్రాసు తెప్పించి తన తొడ కోసి పెట్టాడు, చాలకపోతే తానే ఎక్కి కూర్చున్నాడు. ఈ కథలో మనం ఎప్పుడూ మెచ్చుకునేది మొదటి సగం, ఆశ్రయం ఇవ్వడం. రెండో సగం ఆశ్రయం ఇచ్చినవాడి మీద పడే బాకీ. అప్పగించను అన్నవాడు ఆ బాకీ తానే తీర్చాలి. ఐరోపా న్యాయశాస్త్రంలో 1625లో గ్రోషియస్ చెప్పిందీ ఇదే: అప్పగించు, లేదా నువ్వే శిక్షించు. ఇవాళ దాన్నే అప్పగించు లేదా విచారించు అంటున్నారు. ఆస్ట్రియా శిక్షాస్మృతిలోనూ, నేర స్వభావం వల్ల కాక ఇతర కారణాల వల్ల అప్పగించలేని విదేశీయుణ్ణి తామే విచారించే వీలుంది. రాజకీయ ఉద్దేశం ఉందని తేలితే మారాల్సింది విచారణ జరిగే చోటు. విచారణే మాయమైపోతే శిబి పావురాన్ని ఉంచుకుని డేగను తరిమేసినట్టే.

విచారణ మాయమవడమంటే ఏమిటో హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ వాసులకు వేరే చెప్పనక్కరలేదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఏడు గంటల వేళ 107 బస్టాపు దగ్గర, ఏ1 మిర్చి సెంటర్ దగ్గర సైకిళ్ల మీద పెట్టిన బాంబులు పేలి 18 మంది పోయారు, 131 మంది గాయపడ్డారు. 2016 డిసెంబరులో ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు అయిదుగురికి ఉరిశిక్ష వేసింది, 2025 ఏప్రిల్ 8న హైకోర్టు ఖాయం చేసింది. కానీ అభియోగపత్రంలో మొదటి పేరు రియాజ్ భత్కల్ ఇంకా పరారీలోనే ఉన్నాడు. అతను పాకిస్తాన్‌లో ఉన్నాడని మన దర్యాప్తు సంస్థలు అంటాయి. ఆ దేశంతో మనకు అప్పగింత ఒప్పందమే లేదు. భారత్ ఏ ఆరోపణ చేసినా రాజకీయ దురుద్దేశం అన్నది అక్కడి నుంచి వచ్చే మామూలు జవాబు. మనకూ వాళ్లకూ మధ్య రాజకీయం లేదని ఎవరంటారు? అయినా ఆ జవాబుతో 107 బస్టాపులో బాంబు పేలలేదని అవదు. మనం అక్కడ ఏ న్యాయం కోరుతున్నామో, ఇతరులు మనల్ని అడిగినప్పుడు అదే న్యాయం పాటించాలి. ఉరి ముప్పు ఉన్నచోటికి, హింసించే జైలుకు ఎవరినీ పంపొద్దని మనవాళ్ల కోసం వాదిస్తే, మన జైళ్ల గురించి లండన్ కోర్టు అడిగినప్పుడు ఉలిక్కిపడకూడదు. ఒక ఏడాది ఒకరిది ఇలా కావాలి, ఇంకో ఏడాది ఇంకొకరిది అలా కావాలి అంటే కుదిరే వ్యవహారం కాదిది.

టైటానియం కేసులో అందరికీ వాటా ఉంది. అమెరికాకు తన చట్టం, ఆస్ట్రియాకు తన సార్వభౌమత్వం, ఉక్రెయిన్‌కు తన రాజకీయం, బోయింగ్‌కు తన విమానం. ఇసుక ఎవరిదో ఆ మత్స్యకార పల్లెలకు మాత్రం వాటా లేదు. వాళ్ల తీరం మీద అనుమతి అమ్ముడుపోయిందా లేదా అన్నది సాక్ష్యాలు విని తీర్పు చెప్పిన కోర్టు షికాగోలో లేదు, వియన్నాలో లేదు, మన దేశంలోనూ లేదు. 2014లో ఇంటర్‌పోల్ ద్వారా అమెరికా కె.వి.పి.ని కోరింది, ఆయన్ని పంపలేదు. ఆయన రాజ్యసభలో 2020 దాకా కొనసాగారు. పంపకపోవడం తప్పని నేననను. మన 1962 అప్పగింత చట్టం 29వ సెక్షన్ కింద సద్భావన లేని, రాజకీయ కారణాలున్న అభ్యర్థనను ఆపేసే అధికారం కేంద్రానికి ఉంది, ఉండాలి కూడా. కానీ అదే చట్టంలో 34ఎ సెక్షన్ కూడా ఉంది. అప్పగించలేని మనిషిని ఇక్కడే విచారించే చర్యలు కేంద్రం తీసుకోవచ్చని అది చెబుతుంది. తీసుకోవచ్చు అని మాత్రమే ఉంది, తీసుకోవాలని లేదు. విచారణే లేకపోవడం నిర్దోషి అయినవాడికి కూడా అన్యాయమే, ఎందుకంటే మచ్చ తుడుచుకునే కోర్టు అతనికి దొరకదు. పార్లమెంటు చేయాల్సింది చిన్న సవరణ: అప్పగింత నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి, ఆరు నెలల్లో ఫైలు ఇక్కడి ప్రాసిక్యూటర్ చేతికి వెళ్లాలి, అడిగిన దేశం నుంచి సాక్ష్యాలు రప్పించుకుని విచారించాలి, లేదా విచారించదగ్గది లేదని కోర్టులో చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖ ఎంపీలు ఏ పార్టీవాళ్లయినా సరే, ఈ సవరణ అడగండి.